వేరుమాపు

గడపకన్ను నారింజ రంగులో మూడుసార్లు మిణుకుమంది. నూకరాజు భుజానికున్న పనిముట్ల సంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా పేరు నూకరాజండి. చలిపెట్టె బాగుచెయ్యడానికి వచ్చేనండి. పన్నెండేళ్ల కింద నా భార్యని కొట్టి చెయ్యి ఇరగ్గొట్టేనండి. రెండేళ్లు జైల్లో ఉన్నానండి. లోపలికి రావచ్చాండి?"

తలుపు వెనక నుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. "ఏ చెయ్యోయ్? సరిగ్గా వినపళ్ళేదు."

"కుడిచెయ్యండి."

"ఉండుండు, మా ఆవిడ పెరట్లో ఉంది. ఆవిడ కూడా విన్నాక తీస్తాను. మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."

నూకరాజు మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. పక్కింటి అరుగు మీద వంకాయలు తరుగుతున్న ఇద్దరాడవాళ్ళు తలెత్తి విని, మళ్ళీ తరుక్కోసాగారు. తలుపు తెరుచుకుంది.

ఆ రోజుల్లో కాకినాడలో గడపకన్ను లేని గడప లేదు. గుమ్మానికి మామిడాకులు కట్టడం మానేసిన వాళ్ళున్నారు గానీ, కన్ను పెట్టించుకోని వాళ్ళు లేరు. వచ్చిన మనిషి మొహం చూసి, అతని నడతపత్రం తిరగేసి, రంగు చూపిస్తుంది. ఏ తప్పూ లేనివాళ్ళకి పచ్చ. చిన్న తప్పులకి పసుపు. ఇంట్లోవాళ్ళని కొట్టినవాళ్ళకి నారింజ. నారింజ పడినవాడు గడప తొక్కే ముందు తను చేసింది తన నోటితో చెప్పాలి. దాన్నే గడపమాట అంటారు. రోజుకి పదిసార్లు చెప్పుకుంటే సిగ్గు ఆరిపోకుండా ఉంటుందని చట్టం చేసిన పెద్దలు అనుకున్నారు. పెద్దలకి తెలియని విషయం ఏమిటంటే, జనానికి దేనికైనా అలవాటు పడిపోయే గుణం ఉంది. ఏళ్ళు గడిచేసరికి జగన్నాథపురంలో సగం ఇళ్ళవాళ్ళు "చెయ్యి విరగ్గొట్టిన నూకరాజేనా? రా నాయనా, పెట్టె నీళ్ళు కారుతోంది" అని వాళ్ళే అనేసేవారు. అది అతనికి ఇంటిపేరైపోయింది.

అతనికి మాత్రం అలవాటు కాలేదు. ప్రతి గడప దగ్గరా ఒకే సంగతి గుర్తొచ్చేది. తను చెప్పేది ఒక్కసారి కొట్టిన సంగతి. పత్రంలోకి ఎక్కింది అదొక్కటే. అంతకు ముందు నాలుగేళ్ళలో కొట్టినవి ఎక్కడా రాసి లేవు. భార్య వీరవేణి ఎవరికీ చెప్పలేదు గనక, అతనికి అవి తప్పులనే అనిపించలేదు. చెయ్యి విరిగిన సాయంత్రం "ఇంతసేపు ఎక్కడున్నారు?" అని అడిగినందుకు ఆమె చేతిని తలుపుకీ గుమ్మానికీ మధ్య పెట్టి తలుపు వేశాడు. ఎముక చప్పుడు ఇద్దరూ విన్నారు. ఇప్పటికీ అతను ఆ ఇంట్లోనే ఉంటున్నాడు, ఆ గుమ్మంలోంచే వస్తూ పోతున్నాడు.

గడపమాటతో బాటు కోర్టు ఒక దూరగీత కూడా గీసింది. వీరవేణి ఎక్కడుంటే అక్కడికి రెండువందల అడుగుల్లోపు ఏ తలుపూ నూకరాజుకి తెరుచుకోదు. ఆమె చిరునామా అతనికి తెలియనివ్వలేదు. కానీ అప్పుడప్పుడు ఏదో ఒక వీధిలో తలుపు కన్ను అసలు వెలిగేదే కాదు. పచ్చా లేదు, నారింజా లేదు. అప్పుడతనికి అర్థమయ్యేది, ఆమె ఇక్కడెక్కడో ఉందని. సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగిపోయేవాడు. బతికే ఉందన్న కబురు అతనికి అలాగే అందేది.

అలాంటివాడు తప్పుని పత్రంలోంచి చెరిపించుకునే మాపు కోసం దరఖాస్తు పెట్టడానికి కారణం మేనకోడలు. చెల్లెలి గృహప్రవేశం నాడు పురోహితుడూ చుట్టాలూ చూస్తుండగా గుమ్మం ముందు నిలబడి గడపమాట చెప్పాడు. భోజనాలయ్యాక ఆరేళ్ళ మేనకోడలు అట్టపెట్టెతో బొమ్మరిల్లు కట్టుకుని ఆడుకుంటోంది. బొమ్మని ఆ ఇంటి ముందు నిలబెట్టి "నా భార్యని కొట్టి చెయ్యి ఇరగ్గొట్టేనండి, లోపలికి రావచ్చాండి?" అంటోంది, గుడిలో శ్లోకం చదివినంత ముద్దుగా. చుట్టాలు నవ్వారు. నూకరాజుకి భూమి చీలితే బాగుండుననిపించింది.

మర్నాడే భానుగుడి దగ్గరున్న మాపు కార్యాలయానికి వెళ్ళాడు. అక్కడి అధికారి మంగతాయారు యాభై దాటిన మనిషి, మాట కరుకు. అతని పత్రం చూసి తల పంకించింది.

"తీర్పై పదేళ్ళు దాటింది. కొత్త తప్పు లేదు. మీకు అర్హత ఉంది. పైమాపా, వేరుమాపా?"

"తేడా ఏంటండీ?"

"పైమాపు చేస్తే గడపకన్నుకి కనిపించదు. కోర్టులో మటుకు ఉంటుంది. వేరుమాపు చేస్తే అసలా నేరమే జరగనట్టు. కేసు కాగితం, ఆస్పత్రి చీటీ, సాక్షుల మాట, ఎదుటి పక్షం వివరాలు, దూరగీత, అన్నీ పోతాయి. ఏ ముక్క మిగిలినా అక్కణ్ణించి మళ్ళీ మొలకెత్తుతుంది గదా, అందుకని."

ఎదుటి పక్షం. ఆ మాట అతని చెవిన పడింది. అదెవరో అతనికి తెలియనిది కాదు. ఆ వివరాలు పోతే ఆవిడకేమవుతుందని అడగొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ బొమ్మరిల్లు కళ్ళముందు మెదిలింది.

"ఏరుమాపే చేసేయండి."

"ఎదుటి పక్షానికి నోటీసు పంపిస్తాం. ముప్పై రోజుల్లో అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మీ పత్రంలో ఆవిడ చిరునామా సాంబమూర్తినగర్ అని ఉంది. సరైందేనా?"

అది అతని ఇల్లు. ఆమె ఆ ఇల్లు విడిచి పన్నెండేళ్ళయింది. ఆమె కొత్త చిరునామా అతని కంట పడకూడదని కోర్టు దాచింది గనక అతని పత్రంలో పాతదే మిగిలింది. దాచినవాళ్ళు ఆమె మంచికే దాచారు.

"ఆయ్, అదేనండి," అన్నాడు నూకరాజు.

వారం తరవాత వీరవేణి పేరున నోటీసు అతని ఇంటికే వచ్చింది. కవరు చించలేదు. ఎవరిదో ఉత్తరం చించడం తప్పు గదా అని తనకు తాను చెప్పుకున్నాడు. పెద్ద నీతిమంతుడు! బీరువాలో బట్టల కింద పెట్టి ముప్పై రోజులు లెక్కపెట్టాడు. వెనకటి రోజుల్లోనూ ఆమె నోరెత్తకపోతే ఒప్పుకుందనే అనుకునేవాడు. ముప్పై ఒకటో రోజు పొద్దున్న ఎదురింటి గడపకన్ను అతన్ని చూసి పచ్చగా వెలిగింది.

మొదటి నాలుగు రోజులూ గాల్లో తేలినట్టుంది. ఏ గడపా ఏమీ అడగలేదు. కొత్త వీధుల్లోవాళ్ళు మంచినీళ్ళిచ్చారు, కుర్చీ వేశారు. ఒకావిడ "మీలాంటి నెమ్మదైన మనిషిని ఈ కాలంలో చూళ్ళేదు బాబూ" అంది. అతను గ్లాసు సగంలోనే కింద పెట్టేశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు ఏ మాటన్నా తననే అన్నట్టు ఉలిక్కిపడేవాడు. అయినా సుఖం సుఖమే. పైగా ఎక్కడికెళ్ళినా ప్రతి తలుపూ తెరుచుకుంటోంది. ఆ తెరుచుకోని తలుపులు ఏమయ్యాయని అతను ఆలోచించలేదు.

అయిదో రోజు ఉప్పాడ దారిలో ఉన్న ఒక రొయ్యల షెడ్డు నుంచి పిలుపొచ్చింది. చలిగది పనిచెయ్యడం లేదట. అంతకు ముందు ఆ షెడ్డు పని అతనికి ఎప్పుడూ పడలేదు. ఎందుకు పడలేదో అనుకోనైనా అనుకోలేదు. షెడ్డు తలుపు పచ్చగా వెలిగి తెరుచుకుంది. లోపల నలభైమంది ఆడవాళ్ళు, తెల్లటి కోట్లూ టోపీలూ వేసుకుని, పొడుగాటి బల్లల దగ్గర రొయ్యలు సైజుల వారీగా వేరుచేస్తున్నారు. విదేశాలకి వెళ్ళే సరుకు మనిషి చేత్తో ఏరిందైతేనే కొనేవాళ్ళకి నమ్మకం. నూకరాజు బల్లల మధ్యనుంచి నడుస్తున్నాడు. మూడో బల్ల దగ్గర ఒకామె ఎడమచేత్తో ఏరుతోంది. చప్పుడుకి తలెత్తింది.

వీరవేణి.

ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచి మొహానికి అడ్డం వచ్చింది. మణికట్టు దగ్గర వంకర అలాగే ఉంది. బుట్ట జారి రొయ్యలు నేలపాలయ్యాయి.

"ఈడెలా వచ్చేడు? తలుపెలా తీసింది ఈడికి?" ఆమె గొంతు షెడ్డంతా వినబడింది. "పట్టుకోండి బాబూ! నా చెయ్యి ఇరగ్గొట్టినోడండీ ఈడు! నా దగ్గరికి రాకూడదండీ!"

కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. చేతికన్ను నూకరాజు మొహానికి ఎదురుగా పట్టాడు. పచ్చ.

"ఈయన మీద ఏ నేరం లేదమ్మా."

"లేకపోవడవేంటండీ! జైలుకెళ్ళేడు. నా పేరున కేసుంది, చూడండి."

కాపలాదారు కన్నుని ఆమె వైపు తిప్పాడు. అది నలుగురికీ వినపడేలా చదివింది. విడాకులు, పరస్పర అంగీకారం. కుడిచెయ్యి విరుగు, కారణం నమోదు కాలేదు. ఫిర్యాదులు, లేవు. చదవడం అయ్యాక గంట మోగినట్టు ఒక చప్పుడు చేసి ఇంకో మాట కూడా చెప్పింది. "ఎత్తిపొడుపు. నిర్దోషిపై లేని నేరాన్ని నలుగురిలో ఎత్తినందుకు పసుపు. గడువు మూడేళ్ళు."

మాపు పొందినవాళ్ళని పాత తప్పుతో ఎవరూ దెప్పకూడదని ఆ చట్టం పెట్టారు. మంచి చట్టమే. ఆమె కోటు మీద రంగు చూపించే బిళ్ళ పసుపుగా మారింది. పసుపు పడిన చేతులు తిండి సరుకు ముట్టకూడదన్నది షెడ్డు నియమం. కాపలాదారు ఇబ్బందిగా మొహం పెట్టి "మీరు బయటికి రావాలమ్మా" అన్నాడు.

నలభైమందీ చూస్తున్నారు. నూకరాజుని కాదు, ఆమెని. "పాపం, మతి గానీ చలించిందేటి?" అంది ఎవరో మెల్లగా. వీరవేణి అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. ఎవరైనా నమ్ముతారేమోనని.

తొమ్మిదేళ్ళుగా రోజుకి పదిసార్లు చెప్పిన మాట. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలిగిన మాట. ఆ ఒక్క నిమిషం చెబితే చాలు. నూకరాజు నోరు తెరిచాడు, మూశాడు. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని చలిగదిలోకి వెళ్ళి, మర విప్పి, కాలిపోయిన తీగ మార్చి, మళ్ళీ బిగించాడు. బయటికొచ్చేసరికి మూడో బల్ల దగ్గర వేరే మనిషి నిలబడి ఉంది.

మర్నాడు కార్యాలయం తలుపులు తీసేసరికే అతను మెట్ల మీద ఉన్నాడు. చేతిలో ఆ కవరు ఉంది.

"మేడంగారూ, నాది నాకు రాసేయండి. ఆ నారింజ మళ్ళీ పెట్టేయండి. ఇదిగో, ఆవిడకి నోటీసు అందలేదండి. మా ఇంటికొచ్చింది, నేనే దాచేసేనండి." కవరు చించి కాగితం బయటికి తీశాడు. తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు.

"మాపు పూర్తయ్యాక నోటీసు కూడా మాసిపోతుంది," అంది మంగతాయారు. "వేరు అన్నాక అన్నీను."

"అయితే నా నోటితో సెప్తానండి. నేను నా భార్య..."

ఆమె చప్పున చెయ్యెత్తింది. "అనకండి! ఈ గది వింటుంది. మాపిన నేరం ఎవరెత్తినా ఎత్తిపొడుపే, మీరెత్తినా సరే. మీకు పసుపు పడితే ఆవిడకున్న ఒక్క దారీ మూసుకుపోతుంది."

"ఏం దారండీ?"

"ఎత్తిపొడుపులో బాధితుడు క్షమిస్తే పసుపు తీసేస్తారు. అయితే బాధితుడు పచ్చగా ఉండాలి."

నూకరాజుకి అర్థం కాలేదు. "బాధితుడంటే ఎవరండీ?"

మంగతాయారు కాగితం మీద అతని పేరు వేలితో చూపించింది.

"నేను ఆవిడని క్షమించడవేంటండీ! నా నోరు పడిపోద్దండి. నా వల్ల కాదు. ఆవిడ మళ్ళీ కేసు పెట్టకూడదాండీ?"

"పెట్టాలంటే లేని నేరం ఎత్తాలి. ఎత్తితే ఇంకో పసుపు. పోనీ ఆధారం చూపిద్దామంటే ఏదండీ?"

"ఆవిడ చెయ్యుంది గదండీ."

"చెయ్యి విరగడానికి వంద కారణాలు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె అతని మొహం చూడలేదు. బల్ల మీది కాగితాలు సర్దింది. "ఇరవయ్యేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. మారిన మనిషికి ఇంకో బతుకు ఇవ్వాలనే ఇదంతా పెట్టారు. చాలామందికి ఇచ్చాం కూడా. మీరు క్షమించనంటే మీ ఇష్టం. మీ నోరు పవిత్రంగా ఉంటుంది. ఆవిడకి మూడేళ్ళు ఏ షెడ్డులోనూ పని దొరకదు. మీరెలాగూ వచ్చారు గనక చెబుతున్నాను, క్షమాపణ కోరుతూ నిన్న సాయంత్రమే ఆవిడ దరఖాస్తు పెట్టుకున్నారు."

నూకరాజు కుర్చీలో కూలబడ్డాడు. క్షమించనని మొండికెయ్యడమే మర్యాద అనుకున్నాడు ఒక్క క్షణం. ఆ మర్యాద కూడా ఆమె కూటికే ఎసరు.

"ఇంకొకటి," అంది మంగతాయారు. "క్షమించాక ఆ సంగతి మీరు ఎప్పుడు, ఎవరి దగ్గర ఎత్తినా క్షమ రద్దవుతుంది. పసుపు మళ్ళీ ఆవిడ మీదికే పోతుంది. బాగా ఆలోచించుకోండి."

"ఎప్పుడూనా అండీ?"

"ఎప్పుడూను."

రెండు రోజుల తరవాత పొద్దున్న పదింటికి క్షమగదికి పిలిచారు. చిన్న గది. రెండు కుర్చీలు, మధ్య ఒక బల్ల, బల్ల మీద అరచెయ్యి పెట్టే గాజుపలక. వీరవేణి అప్పటికే వచ్చి కూర్చుంది. పని కోటు వేసుకునే వచ్చింది, జుట్టు బిగించి ముడేసుకుంది. అతను రాగానే కుర్చీ గోడ వైపు జరుపుకుంది. నలభై దాటిన ఆ మొహంలో అతనికి తెలిసిన వీరవేణి ఎక్కడో గానీ లేదు. మంగతాయారు ద్వారం పక్కన నిలబడింది.

"మొదటి పక్షం చెప్పవలసింది చెప్పండి," అంది గది.

వీరవేణి గోడ మీద ఒకచోట చూపు నిలిపి, వల్లెవేసిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నూకరాజుగారు నన్ను ఎప్పుడూ కొట్టలేదు. నేను అన్నది అబద్ధం. నన్ను క్షమించండి."

ఎక్కడా తడబడలేదు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చి ఉంటుంది.

"రెండవ పక్షం చెప్పండి."

నూకరాజు ఆమె వంకర మణికట్టు చూస్తూ కూర్చున్నాడు. తను పెట్టిన బాధ అంతా ఆమె ఇలా కూర్చుని, తన ఎదటే, తన వల్ల అబద్ధమని చెప్పింది. కొట్టినప్పుడు కూడా ఆమె చేత ఇంత మాట అనిపించలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళకి అతనికే అసహ్యమేసింది.

"రెండవ పక్షం మాట వినపడలేదు."

"వేణీ," అన్నాడు, "ఆ నోటీసు నేనే..."

"అనకండి," అంది ఆమె, గోడ మీంచి చూపు తిప్పకుండా. "గది వింటంది. పదిన్నరకి షెడ్డులో ఎక్కించుకుంటానన్నారు. అనవలసిందేదో అనేసి ఎల్లండి."

"రెండవ పక్షం మాట వినపడలేదు. ఇది ఆఖరిసారి."

"క్షమించాను," అన్నాడు నూకరాజు.

గాజుపలక వెలిగింది. మొదటి పక్షం కుడి అరచెయ్యి ఉంచాలని గది చెప్పింది. ఆమె మణికట్టు బోర్లా తిరగదు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, వంచి, పలక మీద అదిమి పెట్టింది. నొప్పికి పళ్ళు బిగించింది. నూకరాజు సాయం చెయ్యబోయినట్టు కాస్త ముందుకి వంగాడు. ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది. అతను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

పలక పచ్చగా మారింది. ఆమె కోటు మీది బిళ్ళ కూడా పచ్చబడింది. "ఇద్దరూ నిర్దోషులు," అంది గది. "వెళ్ళవచ్చు."

"అయిపోయిందాండీ?" అని వీరవేణి మంగతాయారుని అడిగింది.

"అయిపోయిందమ్మా."

ఇద్దరినీ చూసి తలుపు తెరుచుకుంది. ఆమె లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. నూకరాజు రెండడుగుల వెనక ఉన్నాడు. ఆమె పక్కకి తప్పుకుని గోడకి వీపు ఆనించి నిలబడింది. పన్నెండేళ్ళ తరవాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"మీరు ముందు ఎల్లండి," అంది. "ఇంక ఏ తలుపూ మిమ్మల్ని ఆపదంట గదా. మీరు ఎనకాల ఉంటే నేను నడవలేను."

నూకరాజు ఆమెని దాటుకుని బయటికి నడిచాడు. మెట్లు దిగాడు. ఆమె ఎటు వెళ్తుందో తెలుసుకోకూడదని, వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.